పేరు పడకపోతే నటుడు కాడట!

మన కాపీరైట్ చట్టంలో ఒక మినహాయింపు ఉంది. సినిమావాళ్లలో చాలామంది దాన్ని చదివి ఉండరు. చదివినవాళ్లు బయటికి చెప్పరు. ప్రదర్శకుడంటే ఎవరో చెప్పే చోట, 2012 సవరణలో చేర్చారు. సారాంశం ఇది: సినిమాలో నీ నటన అలా వచ్చి ఇలా పోయేదై, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో గానీ ఇంకెక్కడైనా గానీ నీ పేరు వెయ్యకపోతే, చట్టం దృష్టిలో నువ్వు ప్రదర్శకుడివే కాదు. నీ నటనని వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పుకునే హక్కు ఒక్కటి మిగిల్చారు. రాయల్టీ ఊసెత్తడానికి లేదు.

పేరు వేసేదెవరు? నిర్మాత. ఆనవాయితీ ఎవరిది? నిర్మాతలదే. ఎవరికి డబ్బివ్వాలో తేల్చే పెన్ను, ఆ డబ్బివ్వాల్సినవాడి జేబులోనే పెట్టారన్నమాట. కళ్లజోడు తీసి ‘సారీ, మా ప్రయత్నం మేం చేశాం’ అనే డాక్టరు, కోర్టులో ‘అబ్జెక్షన్ యువరానర్’ అని లేచి కూర్చునే లాయరు, హీరో చేతిలో మొదటి దెబ్బ తిని ఎగిరి పడేవాడు, వీళ్లు లేకుండా ఒక్క తెలుగు సినిమా చూపించండి. సినిమా చివర గ్రాఫిక్స్ కంపెనీల జాబితా నిమిషాల తరబడి పాకుతుంది. అందులో ఇంకో ముప్ఫై పేర్లు ఎక్కిస్తే నిర్మాతకి పైసా ఖర్చు లేదు. అయినా ఎక్కించరు. బద్ధకం వల్లేనని నేను నమ్మను.

నేను స్టార్ల గురించి మాట్లాడటం లేదు. నటన మీద వచ్చిన డబ్బుతోనే ఇంటద్దె కట్టాల్సినవాళ్ల గురించి మాట్లాడుతున్నాను. హైదరాబాద్ కృష్ణానగర్, ఇందిరానగర్, యూసుఫ్‌గూడ సందుల్లో ఉండేది వాళ్లే, వాళ్లలో నేనూ ఉన్నాను. మా బతుకు ఫోను మీద నడుస్తుంది. ‘అన్నా, పదకొండు నుంచి మూడ్రోజులు బ్లాక్ చేసుకో, కన్ఫర్మ్’ అంటాడు కోఆర్డినేటరు. ఆ మాట నమ్మి ఇంకో సీరియల్ వేషం వదులుకుంటాం. పదో తారీఖు రాత్రి మళ్లీ ఫోను: ‘హీరోగారి డేట్లు మారినయ్ అన్నా, చెప్తా.’ ఆ చెప్పడం ఎప్పుడో ఎవరికీ తెలీదు. పోయిన మూడు రోజుల కూలి ఎవరిస్తారని అడిగితే అందరూ నవ్వుతారు, కొత్తవాడనుకుని.

పని జరిగినా డబ్బు చేతికొచ్చినట్టు కాదు. సినిమా అయితే ‘రిలీజ్ అవనీ, చూద్దాం.’ టీవీ అయితే ‘ఛానల్ నుంచి బిల్లు రాలేదు.’ వచ్చినదాంట్లో కోఆర్డినేటరు కమీషను పోతుంది. ఆడవాళ్ల లెక్క ఇంకా దారుణం. సీరియల్లో ఆమె కోటీశ్వరుల ఇంటి కోడలు. సీను సీనుకీ పట్టుచీర మారాలి, దానికి తగ్గ నగ మారాలి, జాకెట్టు కుట్టు మారాలి. ఇవన్నీ ఎవరు కొంటారనుకుంటున్నారు? చాలా సీరియళ్లలో ఆమే. ఒకసారి కట్టిన చీరని తోటి నటితో మార్చుకుంటుంది, లేదా అంచు కనపడకుండా కొంగు తిప్పుకుని రెండోసారి నెట్టుకొస్తుంది. నీ కుర్చీ నువ్వే కొనుక్కొచ్చుకో అని ఏ బ్యాంకు మేనేజరైనా గుమస్తాతో అంటాడా? ఇక్కడ అంటారు. పైగా చీరలు బాగాలేవని డైరెక్టరు విసుక్కుంటాడు.

ఇంత జరుగుతున్నా ఎవరూ నోరెత్తకపోవడానికి కారణం ఒకటుంది. దానికి పరిశ్రమ పెట్టుకున్న పేరు ప్యాషన్. డబ్బు అడిగావా, నీకు కళ మీద ప్రేమ లేదు. ప్రతి ప్రీ రిలీజ్ ఈవెంట్‌లోనూ ఒకాయన మైకు పట్టుకుని కృష్ణానగర్‌లో తాను పస్తులున్న రోజుల గురించి గద్గదంగా చెబుతాడు. చప్పట్లు పడతాయి. రవితేజ ఏళ్ల తరబడి అసిస్టెంట్ డైరెక్టరుగా, చిన్న వేషాల్లో నలిగి హీరో అయిన మాట నిజం. 2008లో పూరి జగన్నాథ్ ఆయన్నే పెట్టి ‘నేనింతే’ తీసి, మా గల్లీల్ని తెరకెక్కించిన మాటా నిజమే. కానీ పైకొచ్చిన ఒక్కడి కథని పైకి రానివాళ్లందరి నోళ్లు మూయించడానికి వాడుతున్నారే, అదీ నాకు మండేది. ఆకలి అంత గొప్ప బడి అయితే పెద్దింటి వారసుల్ని ముందు అందులోనే చేర్పించాలి కదా! వాళ్లకి మాత్రం ఫైట్ మాస్టరు, డ్యాన్స్ మాస్టరు, విదేశాల్లో యాక్టింగ్ కోర్సు. పస్తులు మాత్రం మాకు.

2020 మార్చిలో షూటింగులు ఆగిపోయాయి. వెంటనే చిరంజీవి ఆధ్వర్యంలో కరోనా క్రైసిస్ చారిటీ పెట్టి, సినీ కార్మికులకి నిత్యావసర సరుకులు పంచారు. పంచినవాళ్లకి దండం పెడతాను, అందులో వెటకారం లేదు. కానీ వందల కోట్ల వ్యాపారం అని చెప్పుకునే పరిశ్రమలో, పని ఆగీ ఆగగానే పనిచేసేవాడికి బియ్యం మూట మోసుకెళ్లి ఇవ్వాల్సొచ్చిందంటే, అంతకుముందు వాడికి ఇచ్చిన కూలి ఏపాటిదని ఎవరూ అడగలేదు. దానం ఫొటోల్లో బాగుంటుంది. కూలికి ఫొటో ఉండదు.

2025 ఆగస్టులో తెలుగు సినీ కార్మికుల ఫెడరేషన్‌లోని కార్మికులు 30 శాతం పెంపు అడిగి 18 రోజులు పని ఆపారు. ప్రభుత్వం కల్పించుకున్నాక 22.5 శాతానికి, అదీ మూడేళ్లలో విడతలుగా, ఒప్పందం కుదిరింది. అడిగినంత రాలేదు. అయినా వాళ్లకి అడగడానికి ఒక రేటుంది, ఆపడానికి ఒక యూనియన్ ఉంది. నాలుగు డైలాగులున్న క్యారెక్టర్ ఆర్టిస్టుకి అదీ లేదు. ‘నీ రేటెంత?’ అని అడిగి, మనం చెప్పింది విని, ‘బడ్జెట్ లేదన్నా, ఈసారికి సర్దుకో’ అంటారు. ప్రతిసారీ ఈసారే. 2021లో మా నటుల సంఘం, మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ (‘మా’) ఎన్నికలు జరిగాయి. మంచు విష్ణు, ప్రకాశ్‌రాజ్ ప్యానెళ్లు రోజుల తరబడి టీవీల్ని ఏలాయి. లోకలా నాన్‌లోకలా, సొంత భవనం ఎప్పుడు, ఎవరు ఎవర్ని ఏమన్నారు? రోజుకి కనీస పారితోషికం ఇంత ఉండాలి అన్న మాట ఆ గోలలో నా చెవిన పడలేదు.

ఆ లోకల్ గొడవ గురించి కూడా ఒక మాట. తెలుగు నటులుండగా బయటినుంచి తెచ్చుకోవడమేంటని కోట శ్రీనివాసరావు ఏళ్ల తరబడి అరిచారు. స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలాడి, ఆ నాటకాల బలంతో తెరమీదికొచ్చిన మనిషి, అరిచే హక్కుంది. ఆయన 2025 జులైలో వెళ్లిపోయారు. నా కోపం బొంబాయి నుంచి వచ్చే నటుడి మీద కాదు, అతనూ పని వెతుక్కునే వచ్చాడు. భాష రాని విలన్‌కి అసిస్టెంట్ డైరెక్టరు కెమెరా పక్కన నిలబడి ఒక్కో ముక్కా అందిస్తాడు. తర్వాత వేరేవాళ్లతో డబ్బింగ్ చెప్పిస్తారు. విమానం, హోటలు, క్యారవాన్ అన్నీ అమరుస్తారు. అప్పుడు లేని ‘బడ్జెట్ లేదు’ అనే మాట, పరిషత్తు నాటకాల్లో పళ్లూడగొట్టుకుని వచ్చిన నటుడి దగ్గరే ఎందుకు పుడుతుంది? ఎందుకంటే వాడు ఒప్పుకుంటాడని వాళ్లకి తెలుసు.

వేషం కోసం ఒప్పుకోవాల్సినవి డబ్బు దగ్గరే ఆగవని ఆడవాళ్లకి ఇంకా బాగా తెలుసు. 2018లో నటి శ్రీరెడ్డి ఫిల్మ్ ఛాంబర్ ముందు నిరసనకి దిగితే, ముందు ఆమె తీరు మీదే చర్చ పెట్టారు. ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం పరిశ్రమలో లైంగిక వేధింపుల మీద ఒక సబ్ కమిటీ వేసింది. మలయాళ పరిశ్రమ మీద హేమ కమిటీ నివేదిక బయటపడ్డాక, 2024 ఆగస్టులో మన నివేదిక కూడా బయటపెట్టండని సమంత బహిరంగంగా అడగాల్సొచ్చింది. అన్నీ సవ్యంగా ఉన్న పరిశ్రమ నివేదికలు దాచుకోదు.

సినీ కార్మికుడితో రాతపూర్వక ఒప్పందం లేకుండా పని చేయించకూడదని 1981లోనే పార్లమెంటు చట్టం చేసింది. అందులో నటుడూ ఉన్నాడు. దాన్ని ఇప్పుడు కార్మిక కోడ్‌లో కలిపారు. 2025 నవంబరు 21 నుంచి అది అమల్లోకొచ్చింది. ఆ కోడ్ చెప్పే ఆడియో విజువల్ కార్మికుల్లో నటుడు, డబ్బింగ్ ఆర్టిస్టు, స్టంట్ మనిషి, డ్యాన్సర్ అందరూ ఉన్నారు. పారితోషికానికి ప్రభుత్వం పెట్టే పరిమితి దాటనివాళ్లకే వర్తిస్తుంది, అంటే స్టార్లకి కాదు, మాకే. నలభై ఏళ్ల పైగా చట్టం ఉంది. కాగితం అడిగిన పాపానికి మాత్రం ‘మా మీద నమ్మకం లేదా?’ అంటారు. అడిగినవాడికి తర్వాత ఫోను రాదు. అందుకే దీన్ని ఒక్కొక్కడూ విడివిడిగా అడగలేడు, సంఘమే అడగాలి. వచ్చే ‘మా’ ఎన్నికల్లో ఏ ప్యానెల్ మా గుమ్మం తొక్కినా నేను అడగబోయేవి మూడే: డైలాగున్న ప్రతి వేషానికీ కనీస రేటు, డేట్ ఇచ్చి రద్దు చేస్తే సగం కూలి, నెల తిరిగేలోగా డబ్బు. భవనం గురించి తర్వాత మాట్లాడదాం. ఈ మూడూ రాసి సంతకం పెట్టనివాళ్లు ఎంత పెద్ద ఇంటి నుంచి వచ్చినా నా ఓటు లేదు.