ఉపవాసానికి నోబెల్ ఇచ్చారట!

కార్తీకమాసం దగ్గరపడితే చాలు, ప్రవచనకారులకి జీవశాస్త్రం పూనుతోంది. ఏకాదశి నాడు పస్తుంటే ఒంట్లోని చెడ్డ కణాలన్నీ కాలి బూడిదవుతాయట. జపాన్ ఆయనెవరో ఈ సంగతి కనిపెట్టి నోబెల్ కూడా కొట్టేశాడట. మన ఋషులు ఎప్పుడో చెప్పిందేనట. ముందు వరసలోని ఆడవాళ్లు తలలూపుతారు. వాళ్లలో చాలామంది పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టి ఉండరు.

నోబెల్ మాట నిజమే. యొషినొరి ఒసుమికి 2016లో వచ్చింది. కణం తనలోని పాత సరుకుని తానే అరగదీసుకుని మళ్లీ వాడుకునే పద్ధతి ఒకటుంది. దాన్ని నడిపే జన్యువుల్ని ఆయన పట్టుకున్నాడు. పట్టుకున్నది మనిషిలో కాదు, రొట్టె పొంగించే ఈస్టులో. ఆ ఈస్టుని ఏ తిథినాడు పస్తుంచాడో మాత్రం రాయలేదు.

ఆ బహుమతి ప్రకటన వచ్చింది అక్టోబరు 3న. సరిగ్గా ఆ రోజుల్లోనే సికింద్రాబాద్‌లో ఒక జైన కుటుంబంలోని పదమూడేళ్ల పిల్ల 68 రోజుల ఉపవాసం ముగించింది. ముగించిన రెండు రోజులకి గుండె ఆగి పోయింది. చదివేది ఎనిమిదో తరగతి. ఆ 68 రోజులూ కాచిన నీళ్లే. పెళ్లికూతురిలా ముస్తాబు చేసి రథంలో కూచోబెట్టారు. జనం వచ్చి దండాలు పెట్టారు, పక్కన నిలబడి సెల్ఫీలు దిగారు. చనిపోయాక బాల తపస్వి అన్నారు, శవయాత్రకి శోభాయాత్ర అని పేరు పెట్టారు. బాలల హక్కుల సంఘం ఫిర్యాదు చేస్తే పోలీసులు తల్లిదండ్రుల మీద కేసు పెట్టారు. మేమేమీ దాచలేదు, అందరికీ తెలిసే జరిగింది అన్నారు ఇంటివాళ్లు. అక్షరాలా నిజం. ఊరంతా చూస్తుండగానే జరిగింది. ఒక్కరికీ ఆ పిల్ల నోట్లో ముద్ద పెట్టాలనిపించలేదు.

ఎన్నాళ్లు తినకపోతే మనిషి పోతాడో తెలియని జాతి కాదు మనది. పొట్టి శ్రీరాములుగారు 58 రోజులకి పోయారు, 1952 డిసెంబరు 15న. బడికెళ్లిన ప్రతి తెలుగువాడూ బట్టీపట్టిన లెక్క అది. ఆయనకి 51 ఏళ్లు. ఏం అడుగుతున్నారో, ఎవరిని అడుగుతున్నారో, ఏమవుతుందో అన్నీ తెలిసి కూచున్న మనిషి. ఈ పిల్ల ఆయన్ని పది రోజులు దాటింది. ఎవరిని ఏమడగడానికి?

మనసు గట్టిదైతే ఆకలి లొంగుతుందని కదా సిద్ధాంతం. నిజంగానే లొంగినట్టు కనిపిస్తుంది, మోసమంతా అక్కడే ఉంది. జపానే కావాలంటే జపాన్‌దే ఇంకో సంగతి చెప్తాను. ఆకలి కబురుని పొట్టనుంచి మెదడుకి చేరవేసే గ్రెలిన్ అనే హార్మోన్‌ని 1999లో అక్కడివాళ్లే కనిపెట్టారు. రోజూ తినే వేళకి అది పెరుగుతుంది. తినకపోయినా కాసేపటికి దానంతటదే తగ్గుతుంది. పన్నెండింటికి కరకరలాడిన కడుపు రెండింటికి ఊరుకుంటే మనవాళ్లు దాన్ని స్వామి ఖాతాలో వేస్తారు. సుమారు ఒక రోజు గడిచేసరికి కాలేయంలో దాచుకున్న చక్కెర అయిపోతుంది. అక్కణ్ణించి కొవ్వు కరిగి కీటోన్లు తయారవుతాయి. అవి ఆకలిని ఇంకా అణిచేస్తాయి. నాలుగో రోజున "నాకసలు ఆకలే లేదు" అని మనిషి నవ్వుతూ చెప్పేది అందుకే. చుట్టూ ఉన్నవాళ్లకి ముఖంలో తేజస్సు కనిపిస్తుంది. లోపల కండ కరుగుతుంటుంది. గుండె కూడా కండే.

ఉపవాసం విడిచి చేసే పారణ మరీ ప్రమాదం. ఎండిపోయిన ఒంట్లోకి ఒక్కసారిగా తీపీ అన్నమూ దిగితే ఇన్సులిన్ ఎగుస్తుంది. రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫరస్, పొటాషియం కణాల్లోకి జొరబడిపోతాయి, గుండె లయ తప్పుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో చెరలో మాడి బయటపడ్డవాళ్లు కొందరు కడుపునిండా తిండి పెట్టాక పోయారు. వైద్యులకి అప్పటినుంచీ తెలిసిన విషయం ఇది. రథం కట్టినవాళ్లు ఒక్క డాక్టర్ని అడిగి ఉంటే చెప్పేవాడు.

భక్తి ఉన్నవాళ్లకి ఇవేవీ వర్తించవంటారేమో. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది యువకుల్ని ఆరు నెలలపాటు అరకడుపున ఉంచి పరీక్షించాడు. యుద్ధంలో మాడిపోయిన జనానికి మళ్లీ ఎలా తిండి పెట్టాలో తేల్చుకోవడానికి. ఆ కుర్రాళ్లు తుపాకి పట్టం అని మనస్సాక్షి కోసం సర్కారుకి ఎదురుతిరిగినవాళ్లు. చాలామంది గట్టి భక్తులు కూడా. సంకల్పబలానికి అంతకంటే మంచి సరుకు దొరకదు. పస్తు కూడా కాదది, రోజుకి సుమారు 1,570 కేలరీలు పెట్టారు. చివరికి వాళ్లలో చాలామంది పళ్లేలు నాకారు, వంటల పుస్తకాలు పోగేసుకుని చదివారు, కలల్లోనూ తిండే. ఆడవాళ్ల మీద ధ్యాసే పోయింది. ఒకడు గొడ్డలితో తన వేళ్లు తానే నరుక్కున్నాడు.

ఆ వంటల పుస్తకాల సంగతి చదివినప్పుడు నాకు మా మామ్మ గుర్తొచ్చింది. ఇరవయ్యారేళ్లకే తాతగారు పోయారు. అప్పటినుంచి ఒంటిపూట భోజనం, రాత్రికి గుప్పెడు ఉప్పుడుపిండి, ఏకాదశికి అదీ లేదు. "ఆవిడకి ఆకలుండదమ్మా, మహానుభావురాలు" అనేవాళ్లు ఇంటికొచ్చిన చుట్టాలు. మామ్మ మాత్రం పొద్దువాలేసరికి పిల్లల్ని చుట్టూ కూచోబెట్టుకుని ఎవరి పెళ్లిలో ఏం వడ్డించారో మొదలెట్టేది. పనసపొట్టు కూరలో ఆవ ఎంత పడాలో, బొబ్బట్టుకి నెయ్యి ఎప్పుడు వెయ్యాలో, ఏ ఊళ్లో పులిహోర చెడిందో. ముప్ఫై ఏళ్ల కిందటి విందులు కూడా వంటకం తర్వాత వంటకంగా చెప్పేది. మాకదంతా కాలక్షేపం కబుర్లు. ఆకలి లేని మనిషి అంతసేపు తిండి గురించే ఎందుకు మాట్లాడుతుందని ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరూ అనుకోలేదు.

మొగుడు పోయిన ఆడది పువ్వులూ దుంపలూ పళ్లూ తిని ఒళ్లు శుష్కింపజేసుకోవచ్చని మనుస్మృతి అయిదో అధ్యాయం అనుమతిస్తుంది. ఎంత దయ! అరకడుపున ఉంచితే కోరిక చస్తుందని కీస్ తూకాలూ కొలతలూ పెట్టి రాసుకున్నాడు. మనవాళ్లకి ఆ ప్రయోగశాల అక్కర్లేకపోయింది, ప్రతి ఇంట్లోనూ ఒక ముండనం చేసిన తల ఉండేది. ఆచారం ఎప్పుడూ కాదనలేనివాళ్లనే వెతుక్కుంటుంది. పదమూడేళ్ల పిల్ల, పుట్టింటికి వెళ్లలేని విధవ. తినకుండా ఉండగలిగారని మెచ్చుకుంటాం. తింటే ఏమనేవాళ్లమో వాళ్లకి తెలుసు కనక ఉండగలిగారు.

మామ్మ మరిదికీ భార్య పోయింది. ఆయన ఏడాది తిరక్కుండా మళ్లీ పెళ్లి చేసుకున్నారు. ఆ మధ్యకాలంలో ఆయన ఒక్కపూటైనా మానేసినట్టు మా ఇంట్లో ఎవరూ చెప్పరు. రాత్రి పెరుగన్నంలోకి ఆయనకి మాగాయ వడ్డించింది మామ్మే.