బెల్లు కొడితే సరిపోదు

మొన్న వీకెండు అమ్మని తీసుకుని బాగన్ దాతుక్ వెళ్ళొచ్చాం. మలేసియాలో, పెరాక్ నది సముద్రంలో కలిసేచోట కొబ్బరితోటల ఊరు. ఒకప్పుడు తోటపనికొచ్చిన మనవాళ్ళ మనవలు ఇప్పటికీ అక్కడున్నారు.

మేం నడిచిన తోటదారిలో ఫుట్‌పాత్ లేదు, పక్కన కాలవ. ఎదురుగా సైకిలుమీద వస్తున్న ఓ పెద్దాయన అమ్మని చూసి, దిగి, నడిపించుకుంటూ దాటాడు. "ఏ ఊరమ్మా మీది?" అని తెలుగులోనే అడిగాడు!

సింగపూర్లో మా ఇంటిముందు చక్కటి ఫుట్‌పాత్ ఉంది. పోయినేడు వెనకనుంచి బెల్లు కొడుతూ వచ్చిన సైకిలు తగిలి అమ్మ దానిమీదే పడింది. అప్పట్నుంచి ఒంటరిగా గుడికి కూడా వెళ్ళదు.

రూల్సు లేవా అంటే, ఉన్నాయి. 2019 నుంచి ఫుట్‌పాత్ మీద వేగం గంటకి 10 కిలోమీటర్లు దాటకూడదు. 2025 జూలై నుంచి, పక్కనే సైకిల్ ట్రాక్ ఉంటే ఫుట్‌పాత్ నడిచేవాళ్ళకే.

సైకిలువాళ్ళ బాధా నాకు తెలుసు, నేనూ తొక్కుతాను. రోడ్డెక్కితే లారీలంటే భయం. కానీ లారీవాడు మనకోసం ఆగాలనుకున్నప్పుడు, ముసలివాళ్ళ కోసం మనం ఆగొద్దూ? బెల్లంటే "వస్తున్నా" అని చెప్పడమే, "తప్పుకో" అని కాదు. దారి ఇరుకైతే దిగుదాం. పోయేది అరనిమిషం!