వినోదయాత్రయు గృహస్థధర్మమును

ఇటీవల మన విద్యావంతుల కుటుంబములలో విహారయాత్ర యొక యాచారముగా స్థిరపడినది. సెలవులు వచ్చిన తోడనే విశాఖపట్టణపు సముద్రతీరమునకును, అచ్చటనుండి అనంతగిరి మీదుగా అరకులోయకును బయలుదేరని యిల్లు అరుదు. ఇందుకు మేము సంతోషించుచున్నామే కాని విచారించుట లేదు. ఒకప్పుడు మన స్త్రీలకు గడప దాటుట యన్నచో పుట్టినింటికి పోవుట, లేదా తీర్థమునకు పోవుట. నేడు తల్లియు బిడ్డలును ఇసుకపై గూర్చుండి సూర్యోదయమును జూచుచున్నారు. ఇది యభివృద్ధియే. కాని దీనివెంట నొక దురాచారము గూడ మన యిండ్లలో బ్రవేశించినది. దానినిగూర్చి యూరకుండుట తగదని వ్రాయుచున్నాము.

మన యిల్లాండ్రు ప్రతిదినమును వాకిలి యూడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టుదురు. ఆ ముగ్గుపై నెవ్వరైన నుమిసినచో క్షమింపరు. ఆ కుటుంబమే కొండదారి మలుపున కారు నాపి, పులిహోర తిని, ప్లాస్టిక్కు సంచులను సీసాలను లోయలోనికి విసరి పోవుచున్నది. ఆవకాయజాడీని మైలచేతితో ముట్టనీయని మన శుచి గడపతోడనే యంతమగునా? పూర్వపు యాత్రికులందరును పవిత్రులని మేము చెప్పుట లేదు. గోదావరిలో మునిగి పాపము గడిగికొంటిమని తలచి, ఆ నీటనే మురికి విడిచినవారును గలరు. అయినను తాము పోవుచోటు పూజ్యమను భావమైన వారికుండెను. మనమో, రొక్కమిచ్చితిమి గనుక కొండయు గడలియు మనవే యనుకొనుచున్నాము.

చదువరులారా, గోస్తనీనది మార్గము నొక్కసారి తలచుకొనుడు. ఈ యేరు అనంతగిరి కొండలలో బుట్టి, మనము టిక్కెట్టు కొని చూచు బొర్రాగుహల సున్నపురాతి నడుమ బ్రవహించి, మైదానమునకు దిగి, తాటిపూడి జలాశయమున నిలిచి, విశాఖపట్టణమునకు త్రాగునీ రిచ్చుచు, తుదకు భీమునిపట్టణముకడ బంగాళాఖాతమున గలియుచున్నది. కొండపై బడిన చెత్త కొండపైననే యుండదు; వాన దానిని వాగులోనికిని, వాగు ఏటిలోనికిని ద్రోయును. కావున విశాఖవాసియైన యాత్రికుడు సోమవారము తన యింట ద్రాగబోవు నీటి దారిలోనే ఆదివారము చెత్త వేసి వచ్చుచున్నాడు.

ఇక సముద్రతీరమును జూతము. శీతకాలము ముగియు దినములలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రివేళ నీ తీరమునకు వచ్చి, ఇసుకలో గోయి త్రవ్వి, ఒక్కొక్కటి రమారమి నూరు గ్రుడ్లు పెట్టి మరలిపోవును. నలువదియైదు మొదలు అరువది దినములలో పిల్లలు వెలువడి, ఏ దిక్కున వెలుతురు హెచ్చుగా నున్నదో ఆ దిక్కునకే ప్రాకును. మానవుడు దీపములు పెట్టకముందు ఆ వెలుతురు నక్షత్రకాంతితో మెరయు సముద్రమే. నేడు అది వసతిగృహముల దీపములును, కార్ల దీపములును. పాపమా పిల్లలు సముద్రమునకు వెన్నిచ్చి రోడ్డు నెక్కి చక్రముల క్రిందను, కుక్కల నోటను బడుచున్నవి. వేయింటి కొకటి మాత్రమే పెరిగి పెద్దదగునని శాస్త్రజ్ఞుల యంచనా. 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ఈ ప్రాణిని మొదటి షెడ్యూలులో జేర్చినది.

కొన్ని యేండ్ల క్రిందట భీమునిపట్టణపు దారిలో మేము కన్నులార జూచిన సంగతి యిది. చదువుకొన్న యొక తండ్రి ఇసుకనుండి యొక తాబేటిపిల్లను దీసి కుమారుని యరచేత నుంచి, కన్నులు జిగేలుమను దీపము వేసి, ముమ్మారు ఫొటో దీసెను. దూరమున వల చిక్కులు విప్పుకొనుచున్న ముసలి పల్లెకారు డొకడు వచ్చి, "బాబూ, ఒగ్గేయండి. దాని దారిన దాన్ని పోనీండి" అనెను. "మాకు తెలియదా?" అని యా తండ్రి గద్దించెను. ఆయనకు దెలియదు, ముసలివానికి దెలియును. బాలుడు నేర్చిన పాఠము మాత్రము తండ్రిదే.

తాబేళ్లను జంపునది యంత్రపు పడవల వలలు గాని మా దీపములా యని కొందరు వాదింతురు. వలలలో జిక్కి ఊపిరాడక చచ్చునవి గలవు, కాదనము. అయితే చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు మన తీరమున యంత్రపు పడవల వేటకు నిషేధము గలదు. పల్లెవాడు రెండునెలలు తన కూడు మానుకొనవలసియుండగా, మనమొక రాత్రి దీప మార్పలేమా?

అరకులో జరుగునది యింతకంటె సిగ్గుచేటు. ధింసా యనునది చైత్రమాసపు ఇటుకల పండుగలోను, పెండ్లిండ్లలోను ఆ కొండజనులు తమకై తామాడుకొను నృత్యము. వారు దానిని మనకు జూపి కూలి గొనుట తప్పు గాదు. అది వారి యిష్టము. కాని భోజనానంతరము వారిని బిలిపించి, తల్లివయసు దానిని "ఏమే, ఆడవే" యని యేకవచనమున బిలిచి, ఆ వరుసలో జొరబడి చేతులు బట్టి లాగుట యేమి మర్యాద? సానిమేళములు పెట్టించుట తప్పని వీరేశలింగముగారి కాలమున బోరాడినవారి మనుమలము మనము. ఊరిలో మానిన మేళమును కొండపై నారంభించితిమా?

ఆ కొండలు ఎవరివో గూడ మనమెరుగము. బొర్రా ప్రాంతపు గనుల తగవునుండి పుట్టిన సమత వ్యాజ్యమున, షెడ్యూలు ప్రాంతముల భూములను ప్రైవేటు కంపెనీలకు గనులకై కౌలు కిచ్చుట చెల్లదని 1997లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. గిరిజనులు కానివారికి అచ్చటి భూమి బదిలీ కాకుండ 1970 సంవత్సరపు మొదటి రెగ్యులేషను గట్టిగ నిషేధించుచున్నది. ఇవి తెలియక, కాఫీ త్రాగుచు "ఇచ్చట నొక యెకరము కొన్న బాగుండును" అని ముచ్చటించు పెద్దమనుష్యులను మేమెరుగుదుము.

చెత్త యెత్తుట ప్రభుత్వపు పని యందురా? ఎత్తుట వారి పని కావచ్చును. వేయుట మన పని యని యే చట్టము చెప్పినది? మన రొక్కముచేతనే వారు బ్రతుకుచున్నారందురా? రొక్కము వస్తువునకు వెల; మనుష్యుని గౌరవమునకు వెల కాదు.

మేము యాత్రలు మానుడని చెప్పుట లేదు. బిడ్డలకు సముద్రమును జూపుడు, కొండల నెక్కింపుడు. కొనిపోయిన చెత్తను మరల నింటికి దెండు. రాత్రి తీరమున దీపము లార్పుడు. కొండవారిని అమ్మా, అయ్యా యని పిలువుడు. ఇంటనున్నప్పుడు మన బిడ్డలకు జెప్పు నీతులను ఇల్లు విడిచినప్పుడు మనమే పాటింపనిచో, బిడ్డలు వానిని ఇంటను బాటింపరు.