చెడిన గాలి - రక్తకణముల సాక్ష్యము

2019వ సంవత్సరము డిసెంబరులో నాటి పర్యావరణశాఖామంత్రి లోకసభలో నొక ప్రకటన గావించిరి. వాయుకాలుష్యమువలన ఆయుర్దాయము తగ్గునని మనదేశమున జరిగిన పరిశోధన యేదియు చూపలేదనియు, ప్రజలను భయపెట్టరాదనియు దాని సారాంశము. భయపెట్టవలెనని మాకును లేదు. కాని రక్తము చెప్పు సాక్ష్యమును వినకుండుట ధైర్యము కానేరదు.

1997లో సుమత్రాలోను, బోర్నియోద్వీపమందలి కలిమంతానులోను తోటలకై నేల చదునుచేయ నంటించిన నిప్పు అనావృష్టిచే అడవులకు వ్యాపించెను. ఆ పొగ సముద్రము దాటి సింగపూరును క్రమ్మెను. అచ్చటి వైద్యులు ముప్పదిమంది యువసైనికుల రక్తమును పరీక్షించిరి. వీరు రోగులు కారు, వృద్ధులు కారు. అయినను పొగ క్రమ్మిన దినములలో వారి రక్తమున పక్వము గాని తెల్లకణముల పాలు హెచ్చియుండెను. ఆకాశము తేటపడిన పిమ్మట తగ్గెను.

దీని కారణ మిది. సూక్ష్మధూళి ఊపిరితిత్తుల యడుగునకు చేరగనే అచ్చట కావలియుండు భక్షకకణములు దానిని మ్రింగును. సూక్ష్మజీవియైనచో జీర్ణించుకొనును, మసి జీర్ణము కాదు. అప్పు డవి విడుచు రసాయనసంకేతములు రక్తమార్గమున ఎముకల మూలుగకు చేరి సహాయము పంపుమని తొందరపెట్టును. మూలుగ శిక్షణ ముగియని కుఱ్ఱవాండ్రను సైతము యుద్ధమునకు పంపినట్లు లేతకణములను పంపివేయును. ఇవి బిరుసైనవగుటచే ఊపిరితిత్తుల సన్నని రక్తనాళములలో చిక్కుకొని, శత్రువు లేని చోట స్వదేహమునే గాయపఱుపగలవు.

అంతకంటె శోచనీయమైన సాక్ష్యమును 2022లో అమెరికాయందలి కొలంబియా విశ్వవిద్యాలయమువారు ప్రకటించిరి. అవయవదానము చేసిన 84 మంది రోగనిరోధక గ్రంథులను వారు పరిశీలించిరి. ఊపిరితిత్తులకు చెందినవి వయస్సుతోపాటు నల్లబడియుండెను; పేగులకు చెందినవి నల్లబడలేదు. మసి నిండిన భక్షకకణములకు క్రొత్త శత్రువును మ్రింగు శక్తియు, తోడివారికి సంకేతము పంపు శక్తియు సన్నగిల్లెను. వృద్ధులకు శ్వాసరోగములు సులువుగా సోకుట కిది యొక కారణము కావచ్చునట.

దేశీయపరిశోధన కావలెనందురా? కలకత్తాలోని చిత్తరంజన్ జాతీయ క్యాన్సరు సంస్థవారు ఢిల్లీవాసుల రక్తమును గ్రామవాసుల రక్తముతో పోల్చి రోగనిరోధక కణములలో మార్పులను కనుగొనిరి. మంత్రిగారి ప్రకటనకు ఏండ్లముందే ఆ నివేదికను ప్రచురించినది కేంద్ర కాలుష్యనియంత్రణమండలియే!

ఘనమీటరు గాలిలో రెండున్నర మైక్రానుల ధూళి సంవత్సరపు సగటున 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచారోగ్యసంస్థ 2021లో సూచించెను. 2009లో మనవారు నిర్ణయించుకొన్న పరిమితి 40. పోనీ, ఆ సన్నధూళినైన పట్టుదలతో కొలిచిరా? 2019లో ఆరంభించిన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమమున నగరముల ప్రగతిని ప్రధానముగా పది మైక్రానుల ధూళినిబట్టియే గణించుచు వచ్చిరి. వీథు లూడ్చి నీళ్లు చల్లినచో ఆ యంకె కొంత దిగును. మూలుగను కలవరపెట్టు సన్నధూళి బండ్ల పొగనుండియు, బొగ్గునుండియు, మన రైతులు వరికొయ్యలకు పెట్టు నిప్పునుండియు పుట్టునది, చీపురుకు లొంగదు.

విశాఖపట్టణము, విజయవాడ, హైదరాబాదు ఈ కార్యక్రమములోని నగరములే. దినమెల్ల కూడలులలో నిలుచు పోలీసువారి రక్తమును శీతకాలమున నొకమాఱు, వానలు కురిసిన పిమ్మట నొకమాఱు పరీక్షింపించి, ఫలితములను పత్రికల కిచ్చుటకు ఆయా ప్రభుత్వములకు గొప్ప వ్యయము కాదు.