హెడ్‌ఫోను యాంప్లిఫయరు - అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు

స్వహస్తములతో వాల్వు యాంప్లిఫయరు నొకదానిని నిర్మించి, హెడ్‌ఫోనులు ధరించి సంగీతము వినవలెనను కుతూహలము పై తరగతుల విద్యార్థులలో కొందఱికి కలదు. మెచ్చదగిన కోరికయే. కాని వారు వచ్చి యడుగు ప్రశ్న యెల్లప్పుడు నొక్కటియే: "మాస్టరుగారూ, ఏ వాల్వు మంచిది?" ముందుగా నడుగవలసిన ప్రశ్న యిది కాదని నా యభిప్రాయము. వాల్వు చెడినచో దానిని పెఱికి నిమిషములో వేఱొకటి పెట్టవచ్చును. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మ రట్టిది కాదు. దాని బరువును, వెలయు, గుణదోషములును యంత్రమున్నంత కాలము మన వెంట నుండును. కావున చేతనున్న ధనములో నధికభాగము దానికే కేటాయింపవలెను. అపురూపమైన పాత వాల్వులను గూర్చిన వేట పిదప చూచుకొనవచ్చును.

ట్రాన్స్‌ఫార్మరు లేకయే కండెన్సరు ద్వారమున హెడ్‌ఫోనులకు ధ్వనిని పంపవచ్చును గదా యని కొంద ఱాక్షేపింతురు. నిజమే, 300 ఓముల హెడ్‌ఫోనులకు ఆ పద్ధతి చక్కగనే పనిచేయును. అయినను విద్యార్థుల విషయమున నేను ట్రాన్స్‌ఫార్మరు పక్షమే వహింతును. వాల్వు ప్లేటుపై 250 వోల్టుల విద్యుత్తుండును. ఆ కండెన్సరు చెడినచో ఆ విద్యుత్తునకు చెవివఱకు త్రోవ యేర్పడును. తలిదండ్రు లీ వాక్యమును రెండుమాఱులు చదువుదురు గాక. ట్రాన్స్‌ఫార్మరులోనైతే ప్రైమరీ, సెకండరీ చుట్లు వేఱువేఱుగ నుండును. సెకండరీ యొక్క ఒక కొనను చట్రమునకును, చట్రమును భూమికిని గలిపినచో రక్షణ మఱింత దృఢమగును.

ఇక ఎన్నిక మాట. ఇ.ఎల్.84 అను వాల్వును ఒంటరిగా వాడుద మనుకొందము. దాని కనువుగా నంగడిలో సాధారణముగ దొరకునది 5000 ఓముల ప్రైమరీయు, 8 ఓముల సెకండరీయు గల ట్రాన్స్‌ఫార్మరు. 5000ను 8చే భాగింపగా 625. దాని వర్గమూలము 25. అనగా ప్రైమరీ చుట్లు సెకండరీ చుట్లకు 25 రెట్లు. ఈ 8 ఓముల కొనలకు 32 ఓముల హెడ్‌ఫోనును తగిలించితిమేని వాల్వునకు కానవచ్చు భారము 5000 కాదు, 20,000 ఓములు. 300 ఓముల హెడ్‌ఫోనైనచో 1,87,500! లెక్కలు చేయనొల్లక విద్యార్థులు చిక్కుపడునది యిచ్చటనే.

దీనికి మందు స్వల్పము. సెకండరీ కొనల మధ్య 5 వాట్ల తాహతుగల 10 ఓముల తీగచుట్టు రెసిస్టెన్సు నొకదానిని స్థిరముగా నతికింపవలెను. అది 32 ఓములతో గలిసి సుమారు 7.6 ఓము లగును, వాల్వు తృప్తిపడును. హెడ్‌ఫోను ఊడినప్పుడును భార ముండును గనుక, ప్రైమరీలో అధిక వోల్టేజి పుట్టి చుట్లు కాలు ప్రమాదమును తగ్గును. శక్తి వృథా యగుననుట నిజమే, కాని చాల హెడ్‌ఫోనులకు 10 మిల్లీవాట్లు చాలునుగదా! ట్రయోడుగా గలిపిన ఇ.ఎల్.84 సుమారు 2 వాట్లిచ్చును. అందు నాలుగవ వంతు 32 ఓముల హెడ్‌ఫోనునకు చేరినను చెవులకు హానికరమగునంత. వాల్యూము తగ్గించిన పిమ్మటనే తలకు తగిలించుకొనవలెను. 32, 300 ఓముల కొనలతో ప్రత్యేకముగా చేసిన ట్రాన్స్‌ఫార్మరులును గలవు; ధనమున్నవారు కొనవచ్చును. నా మతమున 8 ఓములదియే మేలు. రేపు లౌడుస్పీకరు పెట్టదలచిన రెసిస్టెన్సు తీసివేసిన చాలును.

అన్నిటికంటె ముఖ్యముగ విచారింపవలసినది ప్రైమరీ ఇండక్టెన్సు. మృదంగపు ఎడమవైపు నాదము వినబడునా, వినబడదా యన్నది దీనిపై నాధారపడును. స్వరము దిగినకొలది ప్రైమరీ యొక్క నిరోధము తగ్గి, ధ్వనిశక్తికి పక్కదారి యగును. ఇ.ఎల్.84 ట్రయోడుగా నున్నప్పుడు దాని యంతర్నిరోధము సుమారు 2000 ఓములు. 5000 ఓముల భారముతో సమాంతరముగ లెక్కింపగా 1430 వచ్చును. 20 హెర్ట్జులవద్ద శక్తి సగమునకు మించి తగ్గకుండుటకు 11 హెన్రీలు చాలును. అదే వాల్వు పెంటోడుగా నున్నచో అంతర్నిరోధము 40,000 ఓములకు చేరును గనుక 35 హెన్రీలు కావలయును. ఒక్క తీగను మార్చుటచేత ఇనుము ఖర్చులో ఎంత భేదము! రెండవ గ్రిడ్డును 100 ఓముల రెసిస్టెన్సు ద్వారమున ప్లేటునకు గలిపి ట్రయోడుగా వాడుడని నేను పట్టుపట్టుట కిదియే కారణము.

1947లో ఇంగ్లండునందలి వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో డి.టి.ఎన్. విలియంసన్ ప్రకటించిన యాంప్లిఫయరునందు ప్రైమరీకి కనీసము 100 హెన్రీలు విధింపబడెను. దానిని చూచి జడియవలదు. అందు జంట వాల్వులు పుష్‌పుల్ రీతిని పనిచేయును. ఏకముఖ విద్యుత్తులు రెండును ఇనుములో ఒకదాని నొకటి రద్దు చేసికొనును. ఒంటి వాల్వులో అట్లు కాదు. ఆ విద్యుత్తు ఇనుమును ఎల్లప్పు డయస్కాంతీకరించుచుండును గనుక రేకుల మధ్య గాలిసందు విడువవలెను. సందు విడిచిన ఇండక్టెన్సు తగ్గును. తగ్గినదానిని పూరించుటకు ఇనుము పెంచవలెను. కావున బరువును చూచి బెదరక, "ఎన్ని మిల్లీఆంపియర్లు ప్రవహించుచుండగా ఎన్ని హెన్రీలు?" అని యడుగుడు. మనకు 40 మొదలు 50 మిల్లీఆంపియర్లు తాళునది కావలెను. "20 నుండి 20,000 హెర్ట్జులు" అని వ్రాసి, ఎన్ని వాట్లవద్దనో చెప్పని ప్రకటనకు విలువ లేదు.

మోటారు వైండింగు దుకాణమున చుట్టించుకొందుమనువారును గలరు. ఆ పనివారి హస్తకౌశలమును నేను శంకింపను. అయితే సెకండరీని ప్రైమరీ పొరల నడుమ భాగములుగా చుట్టనిచో పై స్వరములు సన్నగిల్లును. ఆ వివర మంతయు కాగితముపై వ్రాసి యీయక చుట్టింపరాదు. పాత రేడియోనుండి ఊడదీసినదానితో అభ్యాసము చేయవచ్చును గాని, యు.ఎల్.84, యు.సి.ఎల్.82 మొదలగు 'యు' వరుస వాల్వులు గల పాత రేడియోలలో చట్రమే వీథి విద్యుత్తునకు తగిలియుండుట కలదు. ప్లగ్గు పెట్టియుండగా దానిని ముట్టరాదు.

కొని తెచ్చిన వెంటనే బిగింపవలదు. పెద్ద లొకరు దగ్గఱనుండగా, మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు నొక్కదానినే, దాని మిగిలిన కొనలకన్నిటికి ఇన్సులేషను చుట్టి, విద్యుత్తునకు గలుపుడు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు సెకండరీకి హెడ్‌ఫోను తగిలించి వినుచు, దానిని మెల్లగ త్రిప్పుడు, దూరముగ జరుపుడు. ఒకానొక కోణమున హుంకారము మిక్కిలి యణగును. ఆ చోట పెన్సిలుతో గీచి, విద్యుత్తును తీసివేసిన పిదపనే చట్రమునకు రంధ్రములు వేయుడు.