గనికార్మికులు – మధుమేహము

గోదావరిఖని బొగ్గుబాయిలో ప్రతి షిఫ్టునను మైనింగ్ సర్దారు కప్పును తట్టి చూచును. గాలిలో మీథేను ఎంత గలదో కొలుచును. కొలత తప్పిన ప్రాణములు పోవునని యెల్లరు నెరుగుదురు. కాని ఆ బాయిలో దిగువాని నెత్తుటిలో చక్కెర యెంత గలదో కొలుచువా రెందరు? 1955 నాటి గనుల నియమములు ఐదేండ్లకొక దేహపరీక్ష నిర్ణయించినవి. ఆ గడువే మన యలవాటైనది. ఊపిరితిత్తుల ధూళివ్యాధికి సరిపోవునేమో. మధుమేహమునకు ఐదేండ్లనగా నొక యుగము. చప్పుడు చేయక కన్నులను, మూత్రపిండములను, పాదములను హరించు రోగమిది. 2023లో భారత వైద్య పరిశోధనా మండలి సర్వే దేశమున రోగుల సంఖ్య పదికోట్లు దాటినదని ప్రకటించినది.

వెనుకటి కార్మికుడు తట్టతో బొగ్గెత్తి టబ్బులు నింపెడివాడు. ఆ చాకిరి యతని నడుము విరిచినది. కాని తిన్న యన్నమును రక్తమున నిలువనీయలేదు. నేడు బాయిలో యంత్రము బొగ్గెత్తుచున్నది. ఓపెన్‌కాస్టున డంపరు నడుపువాడు షిఫ్టంతయు కూర్చుండియే యుండును. పని మారినది, కంచము మారలేదు. పైపెచ్చు రాత్రి షిఫ్టు వచ్చినపుడెల్ల తిండి, నిద్ర తలక్రిందులగుచున్నవి. ఇట్టివానితో "తీపి మానుము, ప్రొద్దున నడువుము" అని చెప్పి పంపుట వైద్యము కాదు. ఏ షిఫ్టునకు ఎప్పుడు తినవలయునో, ఎప్పుడు మాత్ర వేసికొనవలయునో చెప్పవలయును. కొన్ని మందులు వేసికొని యేమియు తినక దిగినచో చక్కెర చటుక్కున పడిపోయి కన్నులు చీకట్లు క్రమ్మును. ఎన్ని గజముల లోతున క్రమ్మునో తలచికొనుడు!

పాదముల మాటయు నొకటి గలదు. స్పర్శ చచ్చినవానికి తడిబూటులో పుండుపడినను నొప్పి తెలియదు. షిఫ్టు దిగి స్నానమాడునపుడు అరికాలు చూచికొనుట యొక నిమిషపు పని.

అన్నము తగ్గించి, పప్పు, కూరలు పెంచి, దినమున కరగంట నడచుట వలన ఫలమేమని కొందరందురు. 2006లో వెలువడిన చెన్నపట్టణపు పరిశోధనలో, వ్యాధి యంచున నున్నవారు ఇట్టి సవరణలు చేసికొనుట చేతనే వ్యాధి రాకడ నాల్గవవంతునకు మించి తగ్గినది.

ఐనను కార్మికుడు రోగము నేల దాచును? 'అన్‌ఫిట్' అను ముద్రకు వెరచి. ఈ భయము వట్టిదని మేము చెప్పజాలము. మరియొక చిక్కు గలదు. వైద్యమండలి అనర్హుడని తేల్చినవాని వారసునకు కొలువిచ్చు పద్ధతి సింగరేణిలో నున్నది. కుటుంబమున కది యాధారమే; మేము కాదనము. కాని తండ్రి రోగము ముదురుటయే కొడుకు భాగ్యమను లెక్క యే యింటను పుట్టరాదు.

సింగరేణిలో 51 పాళ్లు రాష్ట్రమువి, 49 కేంద్రమువి. అది ప్రజల సొత్తు. 2022లో రామగుండమున వైద్యకళాశాలయు వెలసినది. మూడునెలల సగటును దెలుపు హెచ్‌బీఏ1సీ పరీక్ష కొక బొట్టు నెత్తురు చాలును. 6.5 శాతము చేరిన వ్యాధి యున్నట్లే. చికిత్స పొందు పలువురకు 7కు లోపు నుంచుట లక్ష్యము. దీపము లిచ్చు గది చెంతనే యీ పరీక్ష నేల పెట్టరాదు? వ్యాధిగలవానికి మూడునెలల కొకమారు, తక్కినవారికి ఏడాది కొకమారు చేసి, ఫలితమును ముందుగా కార్మికుని చేతికే యీయవలయును. దానిని సాకుగా జూపి జీతము తగ్గింపరాదు. కార్మికసంఘములవారు తమ కోర్కెల పత్రమున ఈ రెండు మాటలను చేర్చుదురు గాక.