మూట విప్పే ముందు

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ప్రపంచ వార్తలకెక్కింది. 'జ్ఞా' అనే సంయుక్తాక్షరం ఒక ప్రత్యేకమైన సంకేతక్రమంలో వచ్చి చేరితే, ఐఫోనులో దానిని చూపబోయిన ప్రోగ్రాము ఉన్నట్టుండి ఆగిపోయేది. ఆ నెలలోనే ఆపిల్ సంస్థ దోషాన్ని సవరించింది. అయితే అంతవరకు తెలుగువారు చేయగలిగినది వేచి ఉండటం ఒక్కటే. తమ అక్షరాన్ని గీసే ప్రోగ్రాము లోపల ఏమున్నదో చూసే అవకాశం వారికి లేదు.

ఆ అవకాశమిచ్చే ప్రోగ్రాములు కూడ ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది ఫ్రీటైప్. 1996లో ఆరంభమైన ఈ గ్రాఫిక్స్ లైబ్రరీ డేవిడ్ టర్నర్, రాబర్ట్ విల్‌హెల్మ్, వెర్నర్ లెంబెర్గ్‌ల కృషిఫలం. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాలయం కాదు. ఇతర ప్రోగ్రాములు పిలిచి పని చేయించుకొనే ప్రోగ్రాముల సముదాయం. ఫాంటులో ప్రతి అక్షరమూ వంపుల గణితంగా దాగి ఉంటుంది. ఆ వంపులను తెరపై చుక్కలుగా మార్చడం ఫ్రీటైప్ పని. 'స్త్రీ' అనే ఒక్క అక్షరానికి కంప్యూటరులో ఆరు సంకేతాలుంటాయి; వాటిలో ఏది వత్తుగా మారాలో, ఏది ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించేది హార్ఫ్‌బజ్ అనే మరొక లైబ్రరీ. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించి స్వేచ్ఛగా ఇచ్చిన పోతన, వేమన ఫాంటులు లినక్స్ కంప్యూటరు తెరపై నిలిచేది ఇటువంటి లైబ్రరీల బలం మీదనే.

జర్మనీలో పెరుగుతున్న తెలుగు పిల్లలు బడిలో ఇన్ఫర్మాటిక్ చదువుతారు, ఇంట్లో అ ఆలు దిద్దుతారు. ఈ రెండు చదువులు కలుసుకొనే చోటు ఇదే. ఫ్రీటైప్ మూలపాఠాన్ని ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చును. వచ్చేది కొద్ది మెగాబైట్ల మూట. వందలాది ఫైళ్లను టార్ పద్ధతిలో ఒక్కటిగా కట్టి, ఆపైన ఎక్స్‌జెడ్ వంటి పద్ధతితో కుదించి ఉంచుతారు. విప్పేటప్పుడు ఈ క్రమం తిరగబడుతుంది. ఒక్క ఆజ్ఞతో రెండు పనులూ ముగుస్తాయి. లోపల పరిచయపత్రం, అనుమతిపత్రం, నిర్మాణ సూచనలు, అసలు మూలపాఠం కనబడతాయి.

విప్పడం సులభమే. విప్పే ముందు చేయవలసిన పని ఒకటున్నది. మూటతో పాటు చిన్న సంతకపు ఫైలు కూడ లభిస్తుంది. అది నిర్వాహకులు పంపిన మూటేనా, దారిలో ఎవరైనా మార్చారా అన్నది ఆ సంతకం తేలుస్తుంది. దానిని పరీక్షించే గ్నూపీజీ అనే సాధనం జర్మనీ దేశస్థుడైన వెర్నర్ కోఖ్ నిర్మించినది. దాని తొలి స్థిర రూపం 1999లో వెలువడింది. జర్మనీ ఆర్థిక మంత్రిత్వ శాఖ ఆ రోజులలో కొంత ధనసహాయం చేసింది. ఆ తరువాత చాలాకాలం ఆయన దాదాపు ఒంటరిగా ఆ భారం మోశారు. ఆయన ఆర్థికంగా ఇబ్బంది పడుతున్న సంగతి 2015లో లోకానికి తెలిసిన తరువాతనే విరాళాలు వెల్లువెత్తాయి.

అయితే సంతకం ఒక్కటే చాలదు. రసాయనశాలకు వచ్చిన సీసాపై ముద్ర చెక్కుచెదరకుండా ఉంటే అది ఎవరు పంపినదో తెలుస్తుంది. లోపలి పదార్థం శుద్ధమైనదని తెలియదు. 2024లో ఇది రుజువైంది. పైన చెప్పిన ఎక్స్‌జెడ్ సాధనాన్నే చాలాకాలంగా ఒక్క స్వచ్ఛంద నిర్వాహకుడు ముఖ్యంగా చూసుకొనేవాడు. మారుపేరుతో వచ్చిన ఒక వ్యక్తి రెండేళ్లకు పైగా సహాయం చేస్తూ నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 కూర్పులలో దొంగదారి అమర్చాడు. దానిని మేల్కొలిపే చిన్న భాగం అందరూ చూసే మూలపాఠ భాండారంలో లేదు. విడుదల చేసిన మూటలో మాత్రమే ఉన్నది. సంతకం మాత్రం సరిగానే ఉన్నది! జర్మనీలో జన్మించిన ఇంజనీరు ఆండ్రెస్ ఫ్రాయిండ్, కంప్యూటరులోనికి ప్రవేశించడానికి దాదాపు అరసెకను అధికంగా పట్టడం గమనించి, కారణం వెదకి, మార్చి 29న లోకానికి తెలియజేశారు.

మూలపాఠం అందరికీ తెరచి ఉన్నది గనుక అందులో దోషాలుండవు అనుకోవడం భ్రమ. ఎవరో ఒకరు చూస్తారులే అని అందరూ అనుకొంటే ఎవరూ చూడరు. అట్లాగని తలుపులు మూసిన సాఫ్ట్‌వేరే మేలనడం కూడ సరికాదు. ఫ్రాయిండ్ అరసెకను తేడాను వెంబడించి మూలం దాకా వెళ్లగలిగింది ఆ దారి తెరచి ఉండటం వల్లనే. 'జ్ఞా' విషయంలో తెలుగువారికి ఆ దారి లేకపోయింది.

ప్రతి ఇంట్లోను ఇంతటి పరిశోధన సాధ్యమా అని ప్రశ్నించవచ్చును. సాధ్యం కాదు, అవసరమూ లేదు. మూలస్థానం నుండే దించుకోవడం, సంతకం పరీక్షించడం, విప్పిన తరువాత పరిచయపత్రమైనా చదవడం అందరికీ సాధ్యమే. పదిమంది పిల్లలలో ఒక్కరు ఇంకొంచెం లోతుకు దిగి, ఏదో ఒక వత్తు తప్పుగా పడిన చోటు గుర్తించి నిర్వాహకులకు వ్రాసినా చాలును. అది తెలుగుకు నిజమైన సేవ.

పెద్దల వంతు వేరొకటి ఉన్నది. ఇటువంటి పునాది సాఫ్ట్‌వేరును పోషించడానికి జర్మనీ ప్రభుత్వం 2022లో సావరిన్ టెక్ ఫండ్ స్థాపించింది. తెలుగు సంఘాలు కూడ ఉత్సవాలకు వెచ్చించే ధనంలో కొద్ది భాగాన్ని తెలుగు అక్షరాన్ని తెరపై నిలిపే ఈ లైబ్రరీలకు, ఫాంటులకు ఏటేటా కేటాయించడం న్యాయం. ఉచితంగా లభించిన మూట వెనుక ఎవరో ఒకరి నిద్రలేని రాత్రులుంటాయి. ఆ ఒక్కరు అలసిపోయిన నాడు సహాయం చేస్తామంటూ ముందుగా వచ్చేది ఎవరన్నది ఎక్స్‌జెడ్ ఉదంతం చూపింది. అంతకు ముందే స్నేహితులు అక్కడ ఉండాలి.